అడుగుకూ అడుగుకూ నడుమ

మన ఇండ్లలో గోడకు తగిలించిన బ్యాటరీ గడియారం వంక ఒక నిమిషంపాటు చూడండి. సెకన్ల ముల్లు ఒక్క గంతు వేసి ఆగుతుంది. ఆగినచోట కదలక నిలిచి, మరల ఒక్క గంతు వేస్తుంది. ఆ గంతు వెనుక ఉన్నది ఒక చిట్టి మోటారు. ఫ్రెంచి ఇంజనీరు మారియస్ లావే 1936లో దానికి పేటెంటు సంపాదించినాడు. తీగచుట్టలో కరెంటు ఒకసారి ఇటునుంచి అటు, మరొకసారి అటునుంచి ఇటు ప్రవహిస్తుంది. నడుమనున్న చిన్న అయస్కాంతం ప్రతిసారీ అర చుట్టు తిరుగుతుంది. పళ్ళచక్రాలు ఆ అర చుట్టును తగ్గించి ముల్లుకు 6 డిగ్రీలుగా అందిస్తాయి. 1969 డిసెంబరులో జపానులోని సైకో కంపెనీ అమ్మకానికి పెట్టిన తొలి క్వార్ట్జ్ చేతిగడియారంలో కూడ ఇట్లా అడుగులు వేసే మోటారే ఉన్నది.

ఈ జాతి మోటార్లకు స్టెప్పర్ మోటార్లని పేరు. ఫ్యానులోని మోటారుకు కరెంటు ఇచ్చినామంటే అది తిరుగుతూ పోతుంది. ఎంత తిరిగినదో దానికి పట్టదు, మనకూ తెలియదు. స్టెప్పర్ మోటారు స్వభావం వేరు. ఒక పల్సు పంపితే ఒక అడుగు వేసి, అక్కడనే పట్టుగా నిలుస్తుంది. నూరు పల్సులకు నూరు అడుగులు. కాబట్టి పంపిన పల్సులను లెక్కపెట్టుకొంటే చాలు, ఇరుసు ఎక్కడ ఉన్నదో కన్నెత్తి చూడకుండానే చెప్పవచ్చును. నేను ఈనాడు మనవి చేయదలచినది ఆ అడుగుల చరిత్ర. ముఖ్యంగా అడుగుకూ అడుగుకూ నడుమనున్న చోటును మనుష్యులు ఎట్లా వశపరచుకొన్నారు, ఎంతమేరకు వశపరచుకొన్నారు అన్న సంగతి.

ఈ ప్రశ్న నాకు పుస్తకాలలో ఎదురుపడలేదు. మా మేనల్లుడు ఇంటి వసారాలో కొయ్య చెక్కే యంత్రాన్ని ఒకదానిని తానే అమర్చుకొన్నాడు. కంప్యూటరు చెప్పిన లెక్కప్రకారం మూడు దిక్కులా కదిలి, గిర్రున తిరిగే కత్తితో పలకను కోసే యంత్రమది, సి.ఎన్.సి. అని వ్యవహరిస్తారు. ఒక్కొక్క దిక్కుకు ఒక్కొక్క స్టెప్పర్ మోటారు. మోటారు ఇరుసుకు లీడ్ స్క్రూ అనే మరల కడ్డీ, కడ్డీమీద నట్టు, నట్టుకు కత్తిని మోసే బల్ల. కడ్డీ ఒక చుట్టు తిరిగితే బల్ల 5 మిల్లీమీటర్లు జరుగుతుంది. మోటారు చుట్టుకు 200 అడుగులు వేస్తుంది గనుక, ఒక అడుగుకు 0.025 మిల్లీమీటరు. తలవెంట్రుక మందంలో సగంకూడ కాదు.

మా ఇంట ఒక పాత వాల్వు రేడియో ఉన్నది. దాని ముందు పలక చీలిపోయి చాల ఏండ్లైనది. క్రొత్త పలకలో డయలు అద్దం కూర్చోవలసిన గుండ్రని కంత 100 మిల్లీమీటర్లు. మొదటిసారి కోసినప్పుడు యంత్రం గజగజ వణికినది; పక్కగదిలోనికి మ్రోత వినవచ్చినది; కంత అంచున వ్రేలికి తగిలే సన్నని అలలు మిగిలినవి. అతడు డ్రైవరు పెట్టెమీది బుల్లి స్విచ్చులను అటూ ఇటూ నొక్కి, “మామయ్యా, ఇప్పుడు అడుగును పదహారు వంతులు చేసినాను. ఒక్కొక్కటి మిల్లీమీటరులో 640వ వంతు” అన్నాడు. లెక్క తప్పు లేదు. రెండవ పలకను కోసినప్పుడు యంత్రం పిల్లివలె నడిచినది. అంచు అద్దంవలె వచ్చినది. కాని డయలు అద్దం అందులో పట్టలేదు. కొలిచి చూస్తే నిలువున 100, అడ్డంగా 99.8. మిల్లీమీటరులో 640వ వంతును పాటించే యంత్రం అయిదవ వంతు ఎట్లా తప్పినది? స్విచ్చులు అబద్ధం చెప్పినవా, లేక మేమే వాటిని అపార్థం చేసుకొన్నామా?

అడుగులు వేసే మోటారు తొలినాళ్ళలో కొయ్య చెక్కలేదు, యుద్ధనౌక ఎక్కినది. 1919లో స్కాట్లండులోని అబర్డీనుకు చెందిన వాకర్ అనే ఇంజనీరు, ఇరుసుకూ దాని చుట్టునున్న ఇనుప చట్రానికీ సన్నని పళ్ళు పెడితే అడుగును ఎంతో చిన్నది చేయవచ్చునని చూపి బ్రిటిషు పేటెంటు పొందినాడు. 1927లో బ్రిటిషు విద్యుత్ ఇంజనీర్ల సంఘం పత్రికలో యుద్ధనౌకలలోని విద్యుచ్ఛక్తి వినియోగాన్ని గురించి ఒక వ్యాసం వెలువడినది. ఫిరంగులు, టార్పెడో గొట్టాలు ఏ దిక్కుకు తిరగవలెనో దూరంనుంచి చూపే సూచికలను ఇటువంటి మోటార్లు నడుపుతున్నవని అందులో ఉన్నది. ఒకచోట మీట తిప్పితే, ఓడ మరొక కొసన ముల్లు అన్నే అడుగులు వేస్తుంది. ముల్లు గంతులు వేస్తే అక్కడ ఎవరికీ నష్టం లేదు. సరియైన గీతవద్ద నిలిచినదా లేదా అన్నదే వారికి కావలసినది.

ఈనాటి హాబీ యంత్రాలలోని మోటారు మాత్రం ఈ వంశానికి నేరుగా చెందినది కాదు. ఈ కథలో నన్ను ఎక్కువగా ఆకర్షించిన భాగం ఇదే గనుక ఇక్కడ కొంత ఆగుతాను.

అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీకి చెందిన కార్ల్ ఫయర్‌టాగ్, జోసెఫ్ డోనహూ అనే ఇద్దరు 1948లో ఒక దరఖాస్తు పెట్టి, 1952లో దానికి పేటెంటు పొందినారు. వారు కోరినది అడుగులు వేసే మోటారు కానే కాదు. పళ్ళచక్రాల పెట్టె అవసరం లేకుండ, ఇండ్లకు వచ్చే కరెంటుతోనే మిక్కిలి నెమ్మదిగా, నిలకడగా తిరిగే మోటారు వారికి కావలసినది. ఇరుసుమీద నిలువునా ఒక శాశ్వత అయస్కాంతం; దాని రెండు కొసలకు రెండు ఇనుప టోపీలు; ఒక్కొక్క టోపీకి 50 పళ్ళు; ఒక టోపీలోని పన్ను రెండవ టోపీలోని సందుకు ఎదురుగా వచ్చేటట్లు అర పన్ను జరిపి బిగించినది. చుట్టునున్న చట్రానికి కూడ పళ్ళే. వాటిపై రెండు జతల తీగచుట్టలు. ఒక జతకు కరెంటును నేరుగా ఇస్తారు. రెండవ జతకు కెపాసిటరు గుండా పంపి, తరంగం పావువంతు తేడాతో వచ్చేటట్లు చేస్తారు. కరెంటు ఒక ఆవర్తనం పూర్తిచేసేసరికి ఇరుసు ఒక్క పన్ను దూరం, అనగా 7.2 డిగ్రీలు జరుగుతుంది.

అమెరికాలో కరెంటు సెకనుకు 60 ఆవర్తనాలు. లెక్క వేసుకొంటే మోటారు నిమిషానికి సరిగా 72 చుట్లు తిరుగుతుంది. కనెక్టికట్ రాష్ట్రంలోని బ్రిస్టల్ పట్టణంలో సుపీరియర్ ఎలక్ట్రిక్ అనే కంపెనీ ఈ రకపు మోటార్లను స్లో-సిన్ అన్న పేరుతో అమ్మినది. 72 చుట్ల మోటారుగా అవి ప్రసిద్ధికెక్కినవి. దానినే తెచ్చి మన 50 ఆవర్తనాల కరెంటుకు తగిలిస్తే నిమిషానికి 60 చుట్లు, సెకనుకొక చుట్టు! గడియారాలు చేసేవారికి ఇంతకంటె వరమేమి కావలెను!

ఇందులో గమనించవలసినది ఒకటి ఉన్నది. ఇంటి కరెంటు తరంగం. కొండ ఎక్కి దిగినట్లు మెల్లగా పెరిగి మెల్లగా తగ్గే సైన్ తరంగం. అట్టి తరంగాలు రెండు పావువంతు తేడాతో నడిపినంతకాలం ఆ మోటారుకు గంతు అంటే ఏమో తెలియదు. పుట్టుకతో అది నున్ననిది. గంతులు వేయడం తరువాత మనుష్యులు నేర్పిన విద్య.

అసలు ఆ విద్యతో పనిపడినది యంత్రశాలలలో. హెలికాప్టరు రెక్కల ఆకృతిని అంకెలప్రకారం చెక్కవలెనన్న కోరికతో మిషిగన్ రాష్ట్రంలోని జాన్ పార్సన్స్ మొదలుపెట్టిన ప్రయత్నం, మసాచూసెట్స్ సాంకేతిక విద్యాలయపు ప్రయోగశాల చేతులమీదుగా 1952లో ఒక మిల్లింగు యంత్రంగా రూపు దాల్చినది. కాగితపు పట్టీమీది రంధ్రాలను చదివి అది లోహాన్ని కోసినది. కాని అది నడిచినది స్టెప్పర్ మోటార్లమీద కాదు. బల్ల ఎక్కడ ఉన్నదో అనుక్షణం కొలిచి, తప్పును దిద్దుకొంటూ పోయే సర్వో పద్ధతిమీద. దానిని నడపడానికి వాక్యూం ట్యూబులతో నిండిన పెద్ద బీరువా కావలసివచ్చినది. అంత ఖర్చు అందరికీ సాధ్యం కాదు. కొలిచే పని లేకుండా చెప్పినంత నడిచే మోటారు ఉంటే ఖర్చు ఎంతో తగ్గుతుంది. 1957 జనవరిలో అమెరికన్ పత్రిక ‘కంట్రోల్ ఇంజనీరింగు’ బలమైన స్టెప్పర్ మోటారును గురించిన వ్యాసాన్ని ప్రకటించినది. ట్రాన్సిస్టర్లు చవక అవుతున్న కొలది ఈ మార్గం విశాలమైనది.

అప్పుడు 72 చుట్ల మోటారు క్రొత్త కొలువులో చేరినది. దాని రెండు చుట్టలకు సైన్ తరంగం బదులు బ్యాటరీ కరెంటువంటి ఏకధార ఇచ్చి, ట్రాన్సిస్టర్లతో దిక్కు మార్చుతూ పోతే ఏమౌతుంది? మొదటి చుట్టలో ముందుకు, రెండవదానిలో ముందుకు, మొదటిదానిలో వెనుకకు, రెండవదానిలో వెనుకకు: ఈ నాలుగు స్థితులు ఒక ఆవర్తనం. ఒక పన్ను దూరమైన 7.2 డిగ్రీలు నాలుగు అడుగులుగా విడిపోతుంది. అడుగు 1.8 డిగ్రీలు, చుట్టుకు 200 అడుగులు. ఈనాడు ప్రపంచమంతటా హాబీ యంత్రాలలో కనిపించే 200 అంకెకు మూలం ఇదే: 50 పళ్ళు, నాలుగు స్థితులు. ఇరుసు మారలేదు, పళ్ళు మారలేదు. తీగలోనికి పంపే కరెంటు ఆకారమే మారినది.

ఆ మార్పుకు మూల్యం కూడ చెల్లించవలసి వచ్చినది. అడుగు వేసిన ఇరుసు గమ్యంవద్ద చప్పున ఆగిపోదు. అయస్కాంతపు పట్టు సాగే స్ప్రింగువంటిది. ఇరుసు ముందుకు దూకి, వెనుకకు వచ్చి, నాలుగైదు ఊపులు ఊగి కుదుటపడుతుంది. తరువాతి పల్సు సరిగా ఊపు వచ్చేవేళకే పడినదనుకోండి, ఉయ్యాలను తగిన అదనులో నెట్టినట్లే. ఊపు అంతకంతకు పెరుగుతుంది. దీనిని అనునాదం అంటారు. సామాన్యమైన మోటార్లలో సెకనుకు 100, 200 అడుగుల ప్రాంతంలో ఇది విజృంభిస్తుంది. మరీ ముదిరితే ఇరుసు పట్టు తప్పుతుంది. తప్పితే ఒక అడుగు కాదు, ఒక పూర్తి పన్ను, అనగా నాలుగు అడుగులు జారి మరల పట్టు చిక్కించుకొంటుంది. కంప్యూటరుకు ఆ సంగతి తెలియదు. అది తన లెక్క తాను పెట్టుకొంటూనే ఉంటుంది.

మా వసారాలోని మొదటి కంత అంచున అలలు ఎందుకు వచ్చినవో ఇప్పుడు తెలిసిపోతుంది. వృత్తం గీయవలెనంటే అడ్డం మోటారు వేగం సున్ననుంచి మొదలై గరిష్ఠానికి పోయి మరల సున్నకు రావలెను. నిలువు మోటారుది దానికి ఎదురు నడక. కనుక ప్రతి పావు వృత్తంలోనూ ప్రతి మోటారూ ఆ పాడు వేగాన్ని దాటి తీరవలసినదే. సరళరేఖ అయితే తప్పించుకోవచ్చు, గుండ్రానికి తప్పించుకొనే దారి లేదు.

వెనుకటి ఇంజనీర్లు ఇరుసుకు ఊపును మ్రింగే బరువుచక్రాలు తగిలించినారు. ఒక చుట్టలోనూ, రెండింటిలోనూ మార్చి మార్చి కరెంటు పంపి అర అడుగు సాధించినారు. అర అడుగు దగ్గర ఆగనేల అన్న ప్రశ్న సహజమైనదే. మొదటి చుట్టలో 92 వంతులు, రెండవదానిలో 38 వంతులు కరెంటు పంపితే ఇరుసు పావు అడుగున నిలుస్తుంది. రెండింటిలోను 71 వంతుల చొప్పున పంపితే సగాన నిలుస్తుంది. ఈ అంకెలు కొసైన్, సైన్ పట్టికలనుంచి వచ్చినవే. దారి కాగితంమీద సులభం. ఆచరణలో కరెంటును అన్ని వంతులుగా కొలిచి పంపడమే కష్టం. తొలి డ్రైవర్లు కరెంటును అదుపుచేయడానికి పెద్ద పెద్ద రెసిస్టర్లను పెట్టేవి. శక్తిలో చాల భాగం వేడిగా పోయేది. సెకనుకు వేలసార్లు కరెంటును తెంచుతూ కలుపుతూ, కొలుస్తూ, కోరిన మట్టంవద్ద నిలబెట్టే ‘చాపర్’ పద్ధతి వచ్చిన తరువాతనే, సైన్ పట్టికను దాచుకొనే చిన్న మెమరీ చిప్పులు చేతికందిన తరువాతనే, మైక్రోస్టెప్పింగు పారిశ్రామిక యంత్రాలలో కుదురుకొన్నది.

దీనిని క్రొత్త విద్య అని అందరూ మెచ్చుకొన్నారు. మెచ్చుకోదగినదే. కాని 1952 పేటెంటును జ్ఞాపకం ఉంచుకొన్నవారికి చిరునవ్వు వస్తుంది. అడుగును పదహారు వంతులు, 256 వంతులు చేసుకొంటూ పోతే చివరకు చేరేది పావువంతు తేడా గల రెండు సైన్ తరంగాల దగ్గరికే. మోటారుకు పుట్టింటి నడకను తిరిగి ఇచ్చినారన్నమాట. తేడా ఏమంటే, ఇప్పుడు ఆ తరంగాన్ని ఎక్కడ కావలిస్తే అక్కడ ఆపి నిలబెట్టవచ్చును.

ఎక్కడ కావలిస్తే అక్కడ, అన్నాను. తగాదా అంతా ఆ మాటలోనే ఉన్నది.

వీణను తలచుకోండి. మైనంలో అమర్చిన 24 మెట్లు. మెట్టుమీద తీగను నొక్కితే స్వరం ఎక్కడ పలుకుతుందో మెట్టే నిర్ణయిస్తుంది. వ్రేలు కొంచెం ఇటూ అటూ ఐనా స్వరం చెడదు. రెండు మెట్ల నడుమనున్న స్వరం కావలెనంటే వైణికుడు తీగను పక్కకు లాగి పలికిస్తాడు. అద్భుతంగా పలుకుతుంది. కాని ఆ స్వరాన్ని నిలిపేది మెట్టు కాదు, వ్రేలిబలం. వ్రేలు సడలితే తీగ మెట్టు స్వరానికే పోతుంది. మైక్రోస్టెప్పు కూడ ఇటువంటి గమకమే. పూర్తి అడుగులను లోహపు పళ్ళు కాపాడుతవి. నడిమి స్థానాలను కాపాడేది రెండు కరెంటుల నిష్పత్తి మాత్రమే. కరెంటు తీసివేసినామో, నడుమ నిలిచిన ఇరుసు సమీపంలోని సహజస్థానానికి జరిగిపోతుంది.

ఇంకొక చిక్కు బలానిది. మోటారు మొత్తం పట్టు 100 అనుకొంటే, పూర్తి అడుగుకు ఆ 100 అందుతుంది. అర అడుగుకు ఒక్కొక్కసారి అందే తోపు 71. పావుకు 38. పదహారవ వంతుకు సుమారు 10. 256వ వంతుకు ఒకటికూడ కాదు, 0.6. అడుగును చీల్చితే మోటారు బలహీనపడుతుందని కొందరు అంటారు, అది పొరపాటు. మోటారు పట్టు తగ్గలేదు. పల్సులు ఒకదానిమీద ఒకటి చేరినకొద్దీ తోపు పెరుగుతూనే ఉంటుంది. కాని మరల కడ్డీలో, పట్టాలలో ఉన్న ఒరిపిడి 20 అనుకోండి. మొదటి చిరుఅడుగుకు 10, బల్ల కదలదు. రెండవదానికి 20కి అటూ ఇటూ. అది కూడ కదలదు. మూడవదానితో ఒక్కసారి కదులుతుంది. కంప్యూటరు మూడు స్థానాలను లెక్కవ్రాసుకొన్నది. కత్తి చూచినది ఒక్క స్థానాన్ని.

ఇవికాక మోటారు తయారీలోనే కొంత సహజదోషం ఉన్నది. మంచి మోటారులో కూడ పూర్తి అడుగు తన చోటునుంచి అడుగులో నూటికి 5 వంతులు అటో ఇటో ఉండవచ్చునని తయారీదార్లే చెప్పుతారు. ఈ దోషం చుట్టు చుట్టుకూ పేరుకొనిపోదు, అదొక అదృష్టం. కాని 5 వంతులంటే ఎంత? అడుగులో పదహారవ వంతు 6.25 వంతులు. అనగా చిరుఅడుగు ఎంత ఉన్నదో తప్పుకు అవకాశమూ రమారమి అంతే ఉన్నది. 256వ వంతు చేసుకొన్నవాడికి ఆ తప్పులోనే పదమూడు చిరుఅడుగులు ఇమిడిపోతవి.

ఈ మాటలను మా మేనల్లుడు నామీది గౌరవంతో కాదనలేదు గాని, నమ్మినట్లూ కనిపించలేదు. అందుచేత ఒక సాయంకాలం పరీక్ష చేసినాము. మోటారు ఇరుసుకు చిన్న అద్దపుముక్క అంటించి, దానిమీద లేజరు దీపపు కిరణం పడేటట్లు పెట్టి, 4 మీటర్ల అవతల గోడమీద చుక్కను చూచినాము. అద్దం తిరిగిన కోణానికి కిరణం రెట్టింపు తిరుగుతుంది గనుక, పదహారవ వంతు అడుగుకు చుక్క సుమారు 16 మిల్లీమీటర్లు జరగవలెను. కడ్డీ తగిలించని మోటారు ఆ మాట నిలుపుకొన్నది, ఒక దూకు కొంత పొట్టి, ఒకటి కొంత పొడుగు అయినప్పటికీ. కడ్డీని తగిలించి దిక్కు మార్చినాము. ఒక పల్సు: చుక్క చలించలేదు. రెండవ పల్సు: చలించలేదు. మూడవదానికి చటుక్కున దూకినది. అతడు చాలసేపు మాటలాడలేదు.

ఇంత చెప్పి మైక్రోస్టెప్పింగును తక్కువ చేసినాననుకొనవద్దు. దాని ఘనత నడకలో ఉన్నది, కొలతలో కాదు. గంతు చిన్నదైతే ఊపు చిన్నదౌతుంది, అనునాదానికి ఆహారం దొరకదు, యంత్రం మ్రోత అణగుతుంది. పట్టు తప్పడమూ తగ్గుతుంది. ఇంటిలో యంత్రం పెట్టుకొన్నవాడికి ఇది సామాన్యమైన లాభం కాదు.

ఈ విద్య ఇండ్లలోనికి వచ్చిన దారి కూడ వినదగినది. మొదట వచ్చినవి చిప్పులు. 1980లలో ఇటలీ దేశపు ఎస్.జి.ఎస్. కంపెనీ చేసిన ఎల్297, ఎల్298 అనే జంట, పూర్తి అడుగునూ అర అడుగునూ ఎవరైనా నడుపుకోగల స్థితికి తెచ్చినది. 1990లలో అమెరికా ప్రభుత్వపు ప్రమాణాల సంస్థ తాను వ్రాయించిన యంత్రచాలక ప్రోగ్రామును ప్రజలకు ఉచితంగా వదలినది. అదే తరువాత లైనక్స్ సి.ఎన్.సి.గా పెరిగినది. మాక్3 అనే మరొక ప్రోగ్రాము కూడ ప్రచారంలోనికి వచ్చినది. ఇంటి కంప్యూటరు వెనుక ప్రింటరు తగిలించే చోటునుంచే పల్సులు బయలుదేరినవి. కాలిఫోర్నియాలోని గెకోడ్రైవ్ అనే చిన్న కంపెనీ డ్రైవర్లు హాబీలోకంలో మంచి పేరు తెచ్చుకొన్నవి. వాటిలో ఒక రకం అడుగును పది వంతులు చేస్తుంది. వేగం పెరిగినకొద్దీ ఆ తరంగాన్ని మెల్లగా పూర్తి అడుగుల ఆకారానికి మార్చివేస్తుంది. వేగంగా తిరిగే ఇరుసుకు చిరుఅడుగులతో పనిలేదన్న ఎరుక ఆ నిర్మాణంలో ఉన్నది. ఆ వినయం నాకు నచ్చినది.

2005లో ఇంగ్లండులోని బాత్ విశ్వవిద్యాలయపు అధ్యాపకుడు అడ్రియన్ బోయర్ మొదలుపెట్టిన రెప్‌ర్యాప్ ఉద్యమం, ప్లాస్టికును పొరలుపొరలుగా పోసి వస్తువులు చేసే యంత్రాలను అందరి పరం చేయ సంకల్పించినది. ఆ యంత్రాలతోపాటు తపాలాబిళ్ళంత డ్రైవరు పలకలు ఊరూరా వ్యాపించినవి. అల్లెగ్రో కంపెనీ ఎ4988 చిప్పు పదహారు వంతులు చేస్తుంది. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్సు డి.ఆర్.వి.8825 ముప్పదిరెండు, హాంబర్గు నగరపు ట్రినామిక్ చిప్పులు 256 వరకు పోయినవి. ఈ చివరివానిలో కొన్నింటికి కంప్యూటరు పదహారు వంతులే పంపినా, మిగిలిన వంతులను చిప్పు తానే పూరించుకొంటుంది. అట్టి యంత్రం నడుస్తున్నదో లేదో చెవికి తెలియదు.

చిప్పు ఎందుకు పూరించుకోవలెను, కంప్యూటరే పంపరాదా? పంపవచ్చును, శక్తి ఉంటే. 2009లో నార్వే దేశస్థుడు సిమెన్ స్వాలె స్కాగ్స్‌రూడ్ గ్రబుల్ అనే ప్రోగ్రాము వ్రాసినాడు. ఆర్డ్వీనో అనే అరచేతిపాటి పలకమీద అది పూర్తి యంత్రాన్ని నడుపుతుంది. ఆ పలకమీద దాని శక్తి సెకనుకు 30,000 పల్సులు. పదహారు వంతుల లెక్కన చుట్టుకు 3,200 పల్సులు. సెకనుకు పది చుట్లు తిరగవలెనంటే 32,000. హద్దు దాటిపోయినది. ఎనిమిది వంతులైతే 16,000తో సరిపోతుంది. అడుగును ఎంత సన్నగా తరిగితే వేగాన్ని అంత కోసుకొన్నట్లే.

మరి ఆ 99.8 మాట? డయలు గేజిని బల్లకు ఆనించి కడ్డీని చేతితో అటూ ఇటూ త్రిప్పి చూచినాము. అడ్డం కడ్డీ దిక్కు మార్చిన ప్రతిసారీ ముల్లు కొంతసేపు కదలక ఊరకున్నది. నట్టులో ప్లే ఉన్నది, సరిగా 0.2 మిల్లీమీటరు. మోటారు తిరిగినది, కడ్డీ తిరిగినది, నట్టులోని మరలు తమ సందును దాటేవరకు బల్ల కదలలేదు. స్విచ్చులు అబద్ధమాడలేదు, వాటి మాట మోటారు ఇరుసువరకే చెల్లుతుంది. నిలువు కడ్డీకి స్ప్రింగుతో బిగువు పట్టే జంట నట్టు మొదటినుంచే ఉన్నది. అడ్డానికి కూడ అటువంటిదే తెప్పించినాడు. స్విచ్చులను పదహారునుంచి ఎనిమిదికి తానే దించినాడు, నేను చెప్పలేదు.

మూడవ పలకను ఆదివారం కోసినాము. అడ్డం 100, నిలువు 100. మా అక్కయ్య వచ్చి డయలు అద్దాన్ని కంతలో పెట్టి బొటనవ్రేలితో ఒక్కసారి నొక్కినది; అది కూర్చున్నది.